పద్నాలుగో లైనులో విన్న మాట

చెవికి ఫోను ఆనించుకుని, కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అనుకుంటున్న ఎఫీ గెడ్డెస్‌ను పోయినవారం ఆమె వంటింట్లోనే వదిలేసి వచ్చాం. ఆ హమ్మయ్య మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. అదెలా పోయిందో చెప్పేముందు, దారిలో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

లార్క్‌ఫీల్డు ఊళ్ళో రెండు వారాలుగా డాక్టరు లేడు. జూలై ఒకటిన కెనడాలో సస్కచివాన్ రాష్ట్రపు సర్కారు అందరికీ వైద్యం చట్టం తెచ్చింది. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే కార్డు, డాక్టరుకిచ్చేది సర్కారు ఇస్తుంది. అదే రోజున రాష్ట్రంలో డాక్టర్లు తమ సంఘం మాట మీద తలుపులు మూసేశారు. ఇరవై ఏళ్ళుగా ఊరిని కనిపెట్టుకుని ఉన్న డాక్టర్ హాల్వర్సన్ కూడా 'సెలవు' అని బోర్డు తగిలించి సరస్సు ఒడ్డున తన చెక్క ఇంటికి వెళ్ళిపోయాడు. దాంతో ఊరు రెండు ముక్కలైంది. చట్టం వద్దనేవాళ్ళు డాక్టర్ల రక్షణ కమిటీ పెట్టారు. దానికి ముందు నిలబడ్డవాడు మర్డో రెన్నీ. గోధుమ పండిస్తాడు, ట్రాక్టర్లు అమ్ముతాడు, ఆసుపత్రి బోర్డుకు అధ్యక్షుడు, ఎఫీకి సొంత అన్న. అన్న వెనక నిలబడి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసింది ఎఫీ. చట్టం కావాలనేవాళ్ళేమో బ్రిటన్ నుంచి విమానంలో దిగిన డాక్టర్లలో ఒకర్ని, ప్రోబర్ట్ అనే వేల్స్ మనిషిని, పిలిపించుకుని సహకార దుకాణం మేడమీద గది ఇచ్చారు. గది ఇవ్వగలిగారు గాని ఆసుపత్రి ఇవ్వలేకపోయారు.

ఇప్పుడు ఆ గదిలో మంచం మీద ఒడార్కా మెలికలు తిరుగుతోంది. ఎఫీ పక్క పొలంవాళ్ళ అమ్మాయి, పదిహేడేళ్ళు. పరాస్కా, ద్మిత్రోల కూతురు. అపెండిక్స్ వాచింది, కోసి తీసెయ్యాలి. వీధి దాటితే ఆసుపత్రి. అందులో ఆపరేషన్ గది ఉంది, దీపాలున్నాయి, నర్సులున్నారు. ప్రోబర్ట్‌కు మాత్రం గుమ్మం దాటే హక్కు లేదు. సమ్మె రోజుల్లో అత్యవసరం చూసే ఆసుపత్రి తొంభై మైళ్ళ అవతల ఉంది. మూడు రోజుల వానకు ఆ దారి నల్లరేగడి ముద్దయి కూర్చుంది.

హక్కు ఎందుకు లేదంటే, ఊరే లేకుండా చేసుకుంది. పదేళ్ళ కిందట ఒక మంచుతుఫానులో హాల్వర్సన్ గుర్రబ్బండి కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ప్రాణాలు నిలబెట్టాడు. ఆ కృతజ్ఞత పట్టలేక ఊరంతా చేతులెత్తి ఒక నిబంధన పెట్టుకున్నారు: హాల్వర్సన్ సిఫారసు లేకుండా మన ఆసుపత్రిలో ఏ డాక్టరూ కత్తి పట్టకూడదని. చేతులెత్తినవాళ్ళలో ఎఫీ ఉంది, ద్మిత్రో ఉన్నాడు, పరాస్కా కూడా ఉంది. కృతజ్ఞతతో కట్టిన కంచె ఇవాళ చేను మేస్తోంది.

ఆదివారం పొద్దున మర్డో హాల్వర్సన్‌కు ఫోను చేసింది ఆ సిఫారసు గురించే. తన ఇల్లూ ఎఫీ ఇల్లూ ఉన్న పల్లె లైనుమీద చేశాడు.

పద్నాలుగో లైనుమీద తొమ్మిది ఇళ్ళు. ఒకరికి గంట మోగితే తొమ్మిది వంటిళ్ళలోనూ మోగుతుంది. రిసీవరు ఎత్తితే ఎవరి మాటలైనా వినపడతాయి, ఎత్తిన చోటల్లా టిక్కుమని చిన్న చప్పుడవుతుంది. అందరూ వింటారు. విన్నామని మాత్రం చచ్చినా అనరు. అక్కడి మర్యాద అది. పొరుగింట్లో ముసలాయన పోయాడని ఫోనులో విన్నవాళ్ళు కూడా, మనిషి వచ్చి చెప్పేదాకా ఏమీ ఎరగనట్టు పిండి పిసుక్కుంటూ కూర్చుంటారు. ఆ మర్యాదకు పెద్ద కాపలాదారు ఎఫీ. ఎప్పుడో ఒకసారి పరాస్కా, జబ్బు సంగతి ఎవరూ చెప్పకముందే సూపు గిన్నె పట్టుకుని ఒకరింటికి వెళ్ళింది. "నీ చెవులు నీ ఇంట్లో పెట్టుకో పరాస్కా," అని ఎఫీ నలుగురూ ఉన్న దుకాణంలో అంది. పరాస్కా ఆ తర్వాత ఆమెతో మాట్లాడ్డం మానేసింది.

ఇంతకీ ఎఫీ కూడా వింటుంది. మాట్లాడే గొట్టానికి గిన్నెలు తుడిచే గుడ్డ అడ్డం పెట్టి మరీ వింటుంది. ఆ పొద్దున విన్నది ఇదీ.

"ఆ పిల్లకు పురుడు పోసింది నేను మర్డో," అన్నాడు హాల్వర్సన్. గొంతు అలిసిపోయి ఉంది. "సంఘం సంఘమే, పిల్ల పిల్లే. ఆ ప్రోబర్ట్‌ను కొయ్యనీ. నేను సిఫారసు చేశానని బోర్డుకు చెప్పు. నా మాట చాలు."

"సరే డాక్టర్ గారూ, మీటింగులో చెప్తాను," అన్నాడు మర్డో.

హమ్మయ్య అని ఎఫీ రిసీవరు తగిలించింది. అన్న చెప్తాడు, తలుపు తెరుచుకుంటుంది, తను విన్న సంగతి తనతోనే పోతుంది. తేలికైన మనసుతో సాస్కటూన్ అనే అడవి పళ్ళ కేకు రెండు పళ్ళేలకు సర్దుకుని ప్రార్థనకు బయల్దేరింది.

ఇక ఈ వారం కథ.

ప్రార్థన అయ్యాక ఊరంతా కమ్యూనిటీ హాల్లోకి చేరారు. రేకుల మీద వాన దబదబా పడుతోంది, తడిసిన ఉన్ని కోట్ల వాసన. మీటింగు బోర్డుదే అయినా కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. చట్టం కావాలనేవాళ్ళు కిటికీల వైపు, వద్దనేవాళ్ళు పొయ్యి వైపు. ఎవరూ చెప్పకుండానే అలా విడిపోయారు. ఎఫీ కాఫీ కూజా పట్టుకుని రెండు వైపులా పోస్తోంది. ఎంత కొట్టుకుచస్తున్నా కాఫీ దగ్గర పక్షపాతం చూపించడం ఆమెకు తెలీదు.

మర్డో లేచి నిలబడ్డాడు. భారీ మనిషి, మెత్తటి గొంతు. కోపంగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

"మనం ఎవరికీ వైద్యం వద్దనడం లేదు," అన్నాడు. "లేనివాళ్ళకు సర్కారు సాయం చేస్తానంటే చెయ్యనీ, మంచిదే. కాని నాకూ నా డాక్టరుకూ మధ్య రాజధానిలో కూర్చున్న గుమాస్తా ఎందుకు? ఇవాళ మన కడుపునొప్పి వాడికి చెప్పుకోవాలి. రేపు మన గోధుమ కూడా వాడిదే అంటాడు."

పొయ్యి వైపు చప్పట్లు కొట్టారు. కిటికీ వైపు నుంచి ఎవరో అన్నారు, "గోధుమ ఎప్పటినుంచో సర్కారు బోర్డుకే అమ్ముతున్నావు కదయ్యా. చెక్కు వచ్చినప్పుడు ఏడవగా మేం చూళ్ళేదే."

నవ్వులు లేచి, ఒడార్కా గుర్తొచ్చి, ఆగిపోయాయి. పరాస్కా లేచింది. పొట్టి మనిషి, తలకు కట్టిన రుమాలు చెంపల మీదికి జారి ఉంది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకూ నీ డాక్టరుకూ మధ్య ఎవరూ లేరు మర్డో. నీకు ఎప్పుడూ లేరు," అంది. "నాకు ఉండేది. నా పర్సు ఉండేది. కరువు రోజుల్లో నా పెద్దాడికి జ్వరమొచ్చింది. అప్పుడే డాక్టరెందుకు, రేపు చూద్దాంలే అన్నాం. మర్నాడు చూశాం. పాతిపెట్టడానికి నేల గడ్డకట్టి ఉంటే ద్మిత్రో గడ్డపారతో తవ్వాడు. లేనివాళ్ళకు సాయం చేస్తారని చెప్తున్నావు. లేనివాడెవడో ఎవరు తేలుస్తారు? నువ్వు తేలుస్తావు. నేను వచ్చి నీ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, నాకు లేదు బాబూ అని ఒప్పుకుంటే తేలుస్తావు. ఆ ఒప్పుకోవడం ఇష్టం లేకే కదా మావాణ్ణి పోగొట్టుకున్నాం."

ఎఫీకి ఆ పిల్లవాడి సంగతి తెలుసు. పర్సు సంగతి తెలీదు. పొలం గట్టుకు అటూ ఇటూ ఇన్నేళ్ళు బతికి, జ్వరంతో పోయాడనే అనుకుంది. తెలిసి ఉంటే తనే డాక్టర్ని పంపేది కాదా అని మనసులో ఒక మాట లేచింది. పరాస్కా వచ్చి అడిగి ఉంటే పంపేదే. అడగాలి మరి. అక్కడికే వచ్చి ఆగింది ఆ ఆలోచన, ఎఫీకి అది నచ్చలేదు.

అప్పుడే ప్రోబర్ట్ లోపలికి వచ్చాడు. ఎర్రజుట్టు మనిషి, బూట్ల నిండా బురద.

"వాదన రేపు పెట్టుకోండి," అన్నాడు. "నేనూ వచ్చి వాదిస్తాను, నాకు సరదానే. ఆ పిల్లకు మాత్రం ఇవాళ సాయంత్రం లోపల కొయ్యాలి. దుకాణం మేడమీద వంటబల్ల మీద నేను కొయ్యను. కోస్తే నా చేతిలోనే పోతుంది. తాళం ఇప్పించండి."

"మా ట్రక్కు ఇస్తానన్నాను కదా," అన్నాడు మర్డో. "ముందు ట్రాక్టరు కట్టి లాగిస్తాను. నేనే నడుపుతాను."

"తొంభై మైళ్ళ కుదుపులకు సగం దారిలో ఆ అపెండిక్స్ పగిలి, విషం కడుపంతా పాకుతుంది సార్. అప్పుడు ఆ బురదలో మీ ట్రాక్టరు ఏం చేస్తుంది?"

మర్డో చాలా బాధగా తల ఆడించాడు. "నిబంధన నేను పెట్టింది కాదు డాక్టర్ గారూ. ఈ ఊరు పెట్టుకుంది. హాల్వర్సన్ మాట ఉంటే ఈ క్షణం తలుపు తీయిస్తాను. పొద్దున్నుంచీ ఆయన కోసం ప్రయత్నిస్తూనే ఉన్నాను. వానకు సరస్సు వైపు తీగలు తెగినట్టున్నాయి. దొరకలేదు."

ఎఫీ పోస్తున్న కాఫీ కప్పు నిండి, సాసరు నిండి, ఎవరి మోకాలి మీదో పడింది. ఆయన కెవ్వుమన్నాడు. ఆమెకు వినపడలేదు.

దొరకలేదు. ఎంత మెత్తగా అన్నాడు. ప్రార్థనలో 'ఆమెన్' అన్నంత మెత్తగా. ఎఫీకి అరికాలి మంట నెత్తికెక్కింది. కూజా బల్లమీద పెట్టి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అన్న చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఒకసారి వంటగదిలోకి రా."

"మీటింగులో ఉన్నాను ఎఫీ."

"రా అన్నాను."

హాలు వెనక ఉన్న ఆ ఇరుకు వంటగదిలో, కడగని కప్పుల మధ్య, అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. ఎఫీ తలుపు వేసింది.

"హాల్వర్సన్ దొరకలేదా?"

"చెప్పాను కదా. తీగలు తెగాయి."

"తెగలేదు."

మర్డో ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పైగా నవ్వాడు. చిన్నప్పుడు ఆమె జామ్ సీసా దొంగిలిస్తే పట్టుకున్న నవ్వు.

"నీకెలా తెలుసు?" అన్నాడు.

ఎఫీ కడగని కప్పొకటి పక్కకు జరిపింది.

"ఎఫీ, విను. ఒక్క వారం ఓపిక పట్టు. సర్కారు దిగొస్తోంది. మంత్రులకు నిద్ర లేదట. ఇవాళ ఈ వేల్స్ వాడికి మనం తలుపు తీస్తే రేపు పక్క ఊరు తీస్తుంది, ఎల్లుండి ఇంకోటి. ఇన్నాళ్ళు నువ్వు వానలో తిరిగి చేయించిన సంతకాలన్నీ బూడిదలో పోసిన పన్నీరే."

"పిల్ల చచ్చిపోతే?"

"చావదు. వాడు భయపెడుతున్నాడు. అయినా ట్రక్కు ఇస్తానంటే వాళ్ళే కదలనంటున్నారు." మర్డో గొంతు ఇంకా తగ్గించాడు. "ఒకవేళ జరగరానిది జరిగినా, అది మనం చేసింది కాదు. డాక్టర్లను తరిమేసే చట్టం తెచ్చినవాళ్ళు చేసింది. జనానికి అది మనం గట్టిగా చెప్పాలి."

ఎఫీ ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాడి గురించి వింది గాని, ఇల్లు ఇంకా కాలకముందే చుట్ట చేత్తో పట్టుకుని కూర్చున్నవాణ్ణి ఇప్పుడే చూసింది. వాడు తన అన్న.

"ఆ మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నావన్నమాట," అంది.

"రాజకీయం ఎఫీ. నీకు తెలీదు."

"పోనీ, ఆయన నీతో ఏమన్నాడో నాకు తెలుసు. ప్రతి మాటా తెలుసు."

"అయితే వెళ్ళి చెప్పు." మర్డో తలుపు తెరిచి పట్టుకున్నాడు, ఆడవాళ్ళకు దారి ఇచ్చే మర్యాదతో. "ఎఫీ గెడ్డెస్ తన అన్న ఫోను దొంగతనంగా వింటుందని చెప్పు. గొట్టానికి గుడ్డ కూడా కడుతుందని చెప్పు. నాకు తెలీదనుకున్నావా, అమ్మా అంతే చేసేది. పరాస్కా మొదటి వరసలోనే ఉంది, ఆమెకు వినపడేలా చెప్పు."

అతని ధీమా అంతా చెల్లెలి సిగ్గు మీదే. అది ఆమెకూ తెలిసింది. తెలిసేసరికి ఆ సిగ్గు ఉన్నచోట ఇంకేదో వచ్చి కూర్చుంది, పొయ్యి మీద పెనంలా కాలుతూ. మర్డో మీద కోపం, హాల్వర్సన్ మీద కోపం, గడప గడపకూ తిరిగి 'మన డాక్టర్ని కాపాడుకుందాం' అన్న తన మీద కోపం. డాక్టరేమో తలుపు తియ్యమన్నాడు. కాపాడతానన్నవాడు మూసి పట్టుకున్నాడు. ఇక తను ఎవరి కోసం తిరిగినట్టు?

ఆమె హాల్లోకి నడిచింది. బోర్డు బల్ల ముందు ఆగి, జనం వైపు తిరిగింది. నడుముకు కట్టిన వంట గుడ్డ విప్పాలని కూడా తోచలేదు.

"తీగలు తెగలేదు," అంది. "ఇవాళ పొద్దున మర్డో డాక్టర్ హాల్వర్సన్‌తో మాట్లాడాడు. ప్రోబర్ట్‌ను కొయ్యనీ, నేను సిఫారసు చేశానని బోర్డుకు చెప్పు అని ఆయన అన్నాడు. నా మాట చాలు అని కూడా అన్నాడు. మర్డో సరే చెప్తానన్నాడు. చెప్పలేదు."

కిటికీ వైపువాళ్ళూ పొయ్యి వైపువాళ్ళూ మెడలు సాచారు.

"నీకెలా తెలుసు ఎఫీ?" అన్నాడు మర్డో వెనక నుంచి, ఈసారి అందరికీ వినపడేలా.

"విన్నాను. రిసీవరు ఎత్తి విన్నాను. ఇవాళే కాదు, ఎప్పుడూ వింటాను. గొట్టానికి గుడ్డ అడ్డం పెట్టి వింటాను." ఆమె పరాస్కా వైపు చూడలేదు, చూస్తే మాట ఆగిపోతుందని. "చట్టం నాకు ఇవాళా ఇష్టం లేదు. రేపు మళ్ళీ సంతకం అడిగినా వద్దనే పెడతాను. అది వేరే సంగతి. ఆ పిల్లకు తలుపు తీసే మాట డాక్టరు నోట వచ్చింది, దాన్ని మా అన్న మింగేశాడు. ఇది వేరే సంగతి."

జనం ఆమె ఒప్పుకున్న తప్పును చూడాలో, మర్డో చెప్పిన అబద్ధాన్ని చూడాలో తేల్చుకోలేకపోయారు. చిత్రమేమంటే, ముందు గొణుగుడు ఎఫీ మీదే లేచింది. "ఛీ, ఫోను వినడమేమిటి" అని పొయ్యి వైపు ఎవరో ఆడమనిషి అంది. ఆమెదీ పద్నాలుగో లైనే.

ఎఫీ చటుక్కున అటు తిరిగింది. "వినడమేమిటా? పొద్దున నాకు నాలుగు టిక్కులు వినపడ్డాయి. ఒకటి నాది. మిగతావి ఎవరివి? ఈ హాల్లోనే ఉన్నారు. ఇందాక మర్డో దొరకలేదు అంటుంటే, అది అబద్ధమని తెలిసి, కేకు తింటూ కూర్చున్నారు. లేవండి."

ఒక్కరూ లేవలేదు. పద్నాలుగో లైనువాళ్ళందరికీ ఒక్కసారిగా బూట్లమీది బురద మీద ఆసక్తి పుట్టింది.

"చూశారుగా," అన్నాడు మర్డో మెత్తగా. "మా చెల్లెలికి ఆ పిల్లంటే జాలి. నాకూ ఉంది. జాలిలో మనిషికి ఏవేవో వినపడతాయి."

"అయితే ఆయన్నే అడుగుదాం," అంది ఎఫీ.

హాలు గోడకు ఫోను ఉంది. ఆమె పిడి తిప్పి, ఫోన్లు కలిపే సెంట్రల్‌లో ఉన్న విల్మాను సరస్సు వైపు కలపమంది. తీగలు తెగలేదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. రెండో గంటకే అవతల ఎత్తారు. పాతకాలపు రిసీవరు, చెవికి కాస్త దూరంగా పట్టుకుంటే ముందు రెండు వరసలకూ మాట వినపడుతుంది. ఎఫీ దూరంగానే పట్టుకుంది.

"డాక్టర్ గారూ, నేను ఎఫీ గెడ్డెస్. హాల్లో ఊరంతా ఉన్నాం. ప్రోబర్ట్‌కు సిఫారసు చేశానని పొద్దున మర్డోతో అన్నారు. ఆ మాట ఒక్కసారి అందరికీ చెప్పండి, చాలు."

ఆయన వెనక గదిలో మగవాళ్ళ మాటలు వినపడ్డాయి, గ్లాసుల చప్పుడు వినపడింది. సంఘం పెద్దలెవరో వచ్చి ఉన్నట్టున్నారు. ఆ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మిసెస్ గెడ్డెస్," అన్నాడు హాల్వర్సన్. "అలా అన్నట్టు నాకు గుర్తులేదు."

"గుర్తులేదా? ఒడార్కా డాక్టర్ గారూ. మీరు పురుడు పోసిన పిల్ల."

"గుర్తులేదు. నన్ను ఇందులోకి లాగకండి." టక్కుమని ఫోను పెట్టేశాడు.

రిసీవరు ఎఫీ చేతిలో ఉండిపోయింది. ఒక్క పూటలో పరువు పోయింది, అన్న పోయాడు, తనను ఇరవై ఏళ్ళు కాచిన డాక్టరు కూడా పోయాడు. ఇంత చేసి, ఇప్పుడు ఊరి ముందు అబద్ధాలకోరుగా నిలబడింది. మర్డో చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు, చెల్లెలి కోసం సిగ్గుపడుతున్నట్టు.

కుర్చీ కాళ్ళు నేలమీద కర్రుమన్నాయి. రెండో వరసలో తోర్‌వాల్డ్ లేచాడు. పెళ్ళీ పెటాకులూ లేని నార్వే రైతు. ఏళ్ళ తరబడి మీటింగులకు వస్తున్నా, వాతావరణం గురించి తప్ప ఆయన నోరు విప్పగా ఎవరూ చూడలేదు.

"మొదటి టిక్కు నాదే," అన్నాడు. ముఖం బీట్‌రూట్‌లా కందిపోయింది. "డాక్టరు అన్నాడు. నేను విన్నాను. ఇప్పుడు గుర్తులేదన్నాడు, అదీ విన్నాను. ఒకే నోరు."

ఆ తర్వాత ఇందాక ఛీ అన్న ఆవిడ లేచింది. ఎవరి వైపూ చూడకుండా, "నేనూ," అని మళ్ళీ కూర్చోబోయి, కూర్చోలేక నిలబడే ఉంది. ఆవిడ మొగుడు లేచాడు. "ఇద్దరం ఒకే రిసీవరుకు చెవులు పెట్టాం," అన్నాడు. అంతదాకా అణిచిపెట్టుకున్న సిగ్గంతా హాల్లో కోపంగా తిరగబడింది. "మాకు అబద్ధం చెప్తావా మర్డో" అని కిటికీ వైపు ఒకరంటే, "మా చేత కూడా చెప్పించావు" అని పొయ్యి వైపు నుంచి వచ్చింది. మధ్యలో దారి ఇప్పుడు లేదు. జనం కలిసిపోయారు.

"ఇది బోర్డు మీటింగు," అన్నాడు మర్డో. మెత్తదనం పోయి గొంతు మొదటిసారి బరుకుగా వచ్చింది. "టిక్కులు సిఫారసు కాదు. ఓటు పెట్టను. పెట్టనంటే పెట్టను."

పెద్ద నర్సు అగాథా అంతసేపూ గోడ పక్కన నిలబడి ఉంది. నలభై ఏళ్ళ సర్వీసులో డాక్టరు చెప్పింది తప్ప చెయ్యని మనిషి. ఆమె కోటు జేబులోంచి తాళాల గుత్తి తీసింది.

"డాక్టరు నోటిమాటగా చెప్పింది చెయ్యడం నాకు అలవాటు," అంది. "పొద్దున చెప్పారట. నాకు ఇప్పుడు అందింది. ఓటు మీరు తీరిగ్గా వేసుకోండి."

పరాస్కా లేచి ఎఫీ దగ్గరికి వచ్చింది. కొట్టడానికి వచ్చిందా, కౌగిలించుకోవడానికి వచ్చిందా తెలీలేదు. రెండూ చెయ్యలేదు.

"నా పిల్ల బతికితే నీతో మాట్లాడతాను," అంది. "లేకపోతే ఈ లైనులో ఎవరితోనూ మాట్లాడను."

ఎఫీ తల ఊపింది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ద్మిత్రో. నెత్తిన టోపీ లేదు, వాన నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"పరాస్కా, నొప్పి పోయింది," అన్నాడు. "చేత్తో తీసేసినట్టు పోయింది. పిల్ల నవ్వింది. దాహమేస్తోంది నాన్నా అంది."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పరాస్కా కుడి భుజం మీంచి ఎడమ భుజానికి శిలువ గుర్తు వేసుకుని కుర్చీలో కూలబడిపోయింది. తోర్‌వాల్డ్ ముక్కు చీదుకున్నాడు. "దేవుడున్నాడు," అన్నాడు మర్డో, మళ్ళీ మెత్తగా. "అనవసరంగా ఒకరినొకరం ఎన్ని మాటలనుకున్నాం."

ఎఫీ నవ్వబోతూ ప్రోబర్ట్ వైపు చూసింది. ఆ హాల్లో నవ్వనివాడు అతనొక్కడే. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎప్పుడు పోయింది నొప్పి?" అన్నాడు.

"కాస్సేపయింది డాక్టర్ గారూ. అప్పుడే పరిగెత్తుకొచ్చాను. తలుపు సందులోంచి చూస్తే మీరంతా ఫోను దగ్గర మాట్లాడుతున్నారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రావడమెందుకని మెట్లమీద ఆగాను."

ప్రోబర్ట్ అగాథా చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు.

"పగిలింది. అందుకే నొప్పి పోయింది," అని, కోటు కూడా తీసుకోకుండా వానలోకి పరిగెత్తాడు.